వెతకడం వేరు, జవాబు చెప్పడం వేరు

ఒరాకిల్ డేటాబేస్‌తో రోజూ పనిచేసేవాళ్లకు ఓఆర్ఏ-01555 అని చూడగానే సంగతి అర్థమవుతుంది. చాలాసేపటి నుంచి నడుస్తున్న క్వెరీకి కావలసిన పాత డేటా అప్పటికే చెరిగిపోయిందని ఆ నంబరు చెబుతుంది. దానికి ఒకటి తక్కువైన ఓఆర్ఏ-01554 వేరే లోపం. ఏకకాలంలో నడిచే లావాదేవీలకు చోటు చాలకపోతే అది వస్తుంది. ఒకదానికి చేసే మరమ్మతు రెండోదానికి పనికిరాదు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్న ఒక ఉద్యోగిని మొదటి నంబరును తన కంపెనీ నాలెడ్జ్ బేస్‌లో, అంటే సిబ్బంది రాసిపెట్టుకున్న సమాచార పేజీల భండారంలో, టైప్ చేసిందనుకోండి. ఆమెకు కావలసింది ఆ నంబరు అచ్చంగా ఉన్న పేజీ. పోయినసారి ఇదే సర్వర్‌లో ఇదే లోపం వచ్చినప్పుడు ఎవరో రాసిపెట్టిన నాలుగు లైన్లు అందులో ఉంటాయి.

అదే సెర్చ్ పెట్టెలో, కొత్తగా చేరిన ఇంకో ఉద్యోగి "జీతంలో ఎక్కువ కోసిన డబ్బు ఎలా వెనక్కి వస్తుంది" అని అడుగుతాడు. జవాబున్న పేజీకి "టీడీఎస్ సర్దుబాటు విధానం" అని పేరు పెట్టారు. అతని ప్రశ్నలోని మాటల్లో ఒక్కటి కూడా ఆ పేజీలో లేదు. పేజీలోని మాటలు అతనికి తెలియవు. తెలిస్తే అడిగే పనే ఉండేది కాదు.

ఈ ఇద్దరి అవసరాలూ న్యాయమైనవే. ఒకామెకు అక్షరం తప్పకూడదు, ఒకాయనకు అక్షరంతో పనే లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత దాదాపు ప్రతి నాలెడ్జ్ బేస్ సాఫ్ట్‌వేర్‌లోనూ సెర్చ్ పెట్టె పక్కన ఏఐ అన్న రెండక్షరాలు చేరాయి. చాలాచోట్ల పాత సెర్చ్ స్థానంలోకే ఏఐ వచ్చి కూర్చుంది. వద్దనుకునేవాళ్లకు దాన్ని ఆపుకునే వీలుండాలా, ఉంటే ఆ వీలు ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్నకు ఇష్టాయిష్టాల మీద జవాబు చెప్పలేం. సెర్చ్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. అందుకని ముందు లోపలికి వెళదాం.

మాటల లెక్క

కంప్యూటర్ సెర్చ్‌కు ఆధారం పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటి జాబితా. ఏ మాట ఏ పేజీల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటారు. దీన్ని ఇన్వర్టెడ్ ఇండెక్స్ అంటారు. పదివేల పేజీలున్నా, ప్రశ్న వచ్చినప్పుడు పేజీలన్నీ చదవాల్సిన పనిలేదు. ఆ మాట ఉన్న వరుస తీసి చూస్తే చాలు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1950ల్లోనే ఇలాంటి సూచికలను యంత్రంతో తయారుచేయించాడు.

జాబితా దొరికిన తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. నాలుగు వందల పేజీల్లో మాట ఉంటే ఏది ముందు చూపాలి? కేంబ్రిడ్జిలో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో దీనికి చెప్పిన ఉపాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇవ్వమంది ఆమె. పదివేల పేజీల నాలెడ్జ్ బేస్‌లో "సర్వర్" అన్న మాట 8,000 పేజీల్లో ఉందనుకుందాం. ఓఆర్ఏ-01555 నాలుగు పేజీల్లోనే ఉందనుకుందాం. మొత్తం పేజీల సంఖ్యను ఆ మాట ఉన్న పేజీల సంఖ్యతో భాగించి, పది ఆధారంగా సంవర్గమానం తీస్తే మొదటిదానికి సుమారు 0.1, రెండోదానికి సుమారు 3.4 వస్తాయి. అంటే ఆ నంబరు బరువు "సర్వర్" అన్న మాట బరువుకు దాదాపు 35 రెట్లు. నంబరు ఉన్న నాలుగు పేజీలూ పైకి తేలతాయి. ఇంత చిన్న గణితంతో ఇంత పెద్ద పని జరగడం సమాచార శాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గెరార్డ్ సాల్టన్ బృందం, లండన్ సిటీ యూనివర్సిటీలో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం ఈ ఆలోచనను ముందుకు తీసుకెళ్లాయి. రాబర్ట్‌సన్ బృందం 1994లో వెలువరించిన బీఎం25 సూత్రం మరో రెండు సంగతులు చూస్తుంది. ఒక పేజీలో మాట పదిసార్లు వస్తే ఒక్కసారి వచ్చినదానికంటే పదిరెట్ల విలువేమీ రాదు, పెరుగుదల క్రమంగా మందగిస్తుంది. పేజీ మరీ పొడుగైతే కొంత విలువ తగ్గుతుంది. డగ్ కట్టింగ్ 1999లో రాసిన లూసీన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి సెర్చ్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2016 నుంచి బీఎం25 అందులో డిఫాల్ట్ సూత్రం. మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ అనే బుల్లి డేటాబేస్‌లో కూడా ఈ సూత్రంతో వెతికే ఏర్పాటు ఉంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఖరీదైన చిప్ అక్కర్లేదు.

ఈ పద్ధతికి ఇంకో గుణం ఉంది. ఫలానా పేజీ పైన ఎందుకు వచ్చిందని అడిగితే లెక్క చూపించగలదు. పేజీలు మారనంత వరకు ఇవాళ వచ్చిన వరుసే రేపూ వస్తుంది. ఆసుపత్రిలో మందుల మోతాదు వెతికే నర్సుకు, విద్యుత్ సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ మాన్యువల్ వెతికే ఇంజినీరుకు ఆ నిలకడ చాలా అవసరం.

అర్థానికి అంకెలు

మాటలు కలవనిదే ఈ సెర్చ్ పనిచేయదు. టీడీఎస్ పేజీ కోసం వెతికిన కొత్త ఉద్యోగికి ఇది ఖాళీ తెర చూపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి వచ్చిందే ఎంబెడింగ్.

కిరాణా కొట్టులో కందిపప్పు పక్కన పెసరపప్పు, సబ్బుల పక్కన షాంపూలు ఉంటాయి. పేరు తెలియకపోయినా ఆ అరల దగ్గరికి వెళితే కావలసినదానికి దగ్గరి వస్తువు కంటపడుతుంది. ఎంబెడింగ్ మాటలనూ వాక్యాలనూ అలాగే సర్దుతుంది. కొట్లో అరలకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడే ఉంటాయి. ఇక్కడ దిశలు వందల్లో ఉంటాయి. గూగుల్‌లో తోమాష్ మికొలోవ్ బృందం 2013లో విడుదల చేసిన వర్డ్‌2వెక్ మాటలకు ఈ పని చేసింది. 2018లో వచ్చిన బెర్ట్ ఒకే మాటకు సందర్భాన్నిబట్టి వేర్వేరు స్థానాలిచ్చింది. 2019లో నిల్స్ రైమర్స్, ఇరీనా గురేవిచ్ రూపొందించిన సెంటెన్స్-బెర్ట్ మొత్తం వాక్యాన్ని ఒక బిందువుగా మార్చి, వాక్యాల మధ్య దూరం కొలవడాన్ని సులువు చేసింది. "ఎక్కువ కోసిన డబ్బు" అన్న ప్రశ్న, "టీడీఎస్ సర్దుబాటు" అన్న పేజీ ఒక్క మాట కూడా కలవకుండానే పక్కపక్కకు చేరాయి.

దీని మీద మరో అంతస్తు 2020లో లేచింది. ఫేస్‌బుక్ ఏఐ పరిశోధకులు, వారితో కలిసిన విశ్వవిద్యాలయాలవారు రాగ్ అనే పద్ధతిని ప్రచురించారు. ముందు దగ్గరి ముక్కలను వెతికి తీయాలి, వాటిని భాషా నమూనాకు ఇవ్వాలి, అది చదివి సొంత మాటల్లో జవాబు రాయాలి. నేటి నాలెడ్జ్ బేస్‌లలో తెర మీద పేరా రూపంలో ప్రత్యక్షమయ్యే జవాబు ఎక్కువగా ఇలా పుట్టిందే.

కాబట్టి "ఏఐ సెర్చ్" అన్న ఒక్క బోర్డు కింద కనీసం రెండు వేర్వేరు యంత్రాలున్నాయి. ఒకటి పేజీలను అర్థాన్నిబట్టి వరుసలో పెడుతుంది. మీరు చదివేది మాత్రం మనిషి రాసిన పేజీనే. రెండోది పేజీకీ మీకూ మధ్య తాను రాసిన వాక్యాలు పెడుతుంది. మొదటిది పొరపడితే మీకు వెంటనే తెలుస్తుంది, అనవసరమైన పేజీ కనిపిస్తుంది, వదిలేస్తారు. రెండోది పొరపడితే సరైన జవాబులాగే కనిపిస్తుంది. అన్నిటినీ ఒకే మీటకు కట్టడం సాఫ్ట్‌వేర్ కంపెనీలు చేస్తున్న మొదటి పొరపాటని నా అభిప్రాయం. అర్థంతో వెతకడం కావాలి, జవాబు రాయడం వద్దు అనే మనిషికి చాలాచోట్ల దారే లేదు.

కొత్త పద్ధతి అన్నివేళలా పాతదానికంటే మెరుగని అనుకోవడానికీ లేదు. 2021లో బీర్ అనే పరీక్షను పరిశోధకులు ప్రకటించారు. వైద్యం, ఆర్థికం, శాస్త్రవార్తలు వంటి రంగాల నుంచి 18 డేటాసెట్లు తీసుకుని, ఆ రంగాల్లో శిక్షణ పొందని సెర్చ్ నమూనాలను వాటి మీద పరీక్షించారు. ఎంబెడింగ్ మీద ఆధారపడిన నమూనాల్లో చాలా వాటికంటే పాత బీఎం25 మెరుగ్గా నిలిచింది. ఆ తర్వాత నమూనాలు బాగా పుంజుకున్నాయి. అయినా తాను ఎప్పుడూ చూడని రంగంలో ఎంబెడింగ్ తడబడుతుందన్న సంగతి నాలెడ్జ్ బేస్‌కు ముఖ్యం. ఎందుకంటే ప్రతి సంస్థకూ బయట ఎవరికీ తెలియని సొంత పరిభాష ఉంటుంది. ప్రాజెక్టుల ముద్దుపేర్లు, యంత్రాల నంబర్లు, శాఖల పొట్టిపేర్లు ఏ నమూనా శిక్షణలోనూ ఉండవు. ఓఆర్ఏ-01555కూ ఓఆర్ఏ-01554కూ అర్థపు పటంలో చోటు దాదాపు ఒకటే కావడానికి చాలా అవకాశం ఉంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఉద్యోగినికి ఆ ఒక్క అంకె తేడానే ముఖ్యం.

"ఏమీ దొరకలేదు" అన్న సమాచారం

పాత సెర్చ్‌లో అందరూ విసుక్కునే వాక్యం ఒకటుంది: "మీరు వెతికినది దొరకలేదు." నాలెడ్జ్ బేస్‌ను పోషించేవాళ్లకు ఇంత విలువైన వాక్యం ఇంకోటి లేదు.

ఎంబెడింగ్ సెర్చ్ ఈ వాక్యాన్ని తనంతట తాను చెప్పలేదు. బిందువుల మధ్య మీ ప్రశ్నను ఒక బిందువుగా ఉంచితే, అన్నిటికంటే దగ్గరిది ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది ఎంత దూరంలో ఉన్నా సరే, వరుసలో మొదటిదిగా వచ్చి నిలబడుతుంది. ఇంతకంటే దూరముంటే చూపవద్దని హద్దు పెట్టవచ్చు. కానీ ఆ హద్దు ఒక్కో నమూనాకు ఒక్కోలా ఉంటుంది, ప్రశ్న పొడవునుబట్టి, భాషనుబట్టి కూడా మారుతుంది. అన్ని ప్రశ్నలకూ సరిపోయే ఒక్క అంకెను ముందే నిర్ణయించడం కష్టం. ఆ దూరపు ముక్కలనే భాషా నమూనా చేతిలో పెడితే, వాటి ఆధారంగా నమ్మదగ్గ పేరా ఒకటి అల్లవచ్చు.

మాటల సెర్చ్‌లో ఖాళీ తెర పడిన ప్రశ్నలన్నీ ఒక జాబితాగా మిగులుతాయి. బాధ్యత ఉన్న సంస్థల్లో ఎవరో ఒకరు ఆ జాబితా చూస్తారు. ప్రసూతి సెలవు గురించి ఈ నెలలో చాలామంది వెతికారు, ఆ పేరుతో పేజీ లేదు. ఆ పేజీ రాయాలని తెలుస్తుంది. లేదా ఉన్న పేజీకే జనం వాడే మాట చేర్చాలని తెలుస్తుంది. విజ్ఞానం పెరిగేది ఈ ఖాళీలను గుర్తించడం వల్లనే. ప్రతి ప్రశ్నకూ నున్నటి పేరా ఒకటి వచ్చేస్తుంటే ఎక్కడ ఖాళీ ఉందో రాసేవాళ్లకు కనబడదు. చదివేవాళ్లు పేజీ దాకా రాకపోతే, పేజీ పాతబడిందని చెప్పేవాళ్లూ ఉండరు.

కెనడాలో జరిగిన ఒక కేసు ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గది. కుటుంబంలో మరణం సంభవించినప్పుడు ఇచ్చే రాయితీ టికెట్ గురించి 2022లో ఒక ప్రయాణికుడు ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు పూర్తి ధరకు కొని, 90 రోజుల్లోగా రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. ప్రయాణం అయిపోయాక రాయితీ ఇవ్వబోమని సంస్థ అసలు పేజీలో స్పష్టంగా ఉంది. ఆ పేజీ లింకును కూడా చాట్‌బాట్ అదే జవాబులో ఇచ్చింది. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యత వహించాలని సంస్థ చేసిన వాదనను బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది. మొత్తం చిన్నదే. సరైన పేజీ ఉంది, దానికి దారి కూడా చూపించారు, అయినా ముందు కనిపించిన వాక్యాన్నే మనిషి నమ్మాడు. అలా నమ్మడం అతని తప్పు కాదని తీర్పు తేల్చింది.

తెలుగులో వెతికేవాళ్ల సంగతి

ఇంతవరకు చదివి, ఏఐ సెర్చ్‌ను పూర్తిగా కట్టేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తే, తెలుగు పాఠకులుగా మనం ఒక్కక్షణం ఆగాలి.

మాటల సెర్చ్ ఇంగ్లీషుకు అనువుగా ఎదిగింది. అక్కడ ఒక మాటకు నాలుగైదు రూపాలుంటాయి. 1980లో మార్టిన్ పోర్టర్ రాసిన చిన్న ప్రోగ్రామ్ వాటి తోకలు కత్తిరించి మూలానికి దగ్గర చేస్తుంది. తెలుగులో పింఛను, పింఛనుకు, పింఛన్లు, పింఛన్లలో, పింఛనుదారులకు, పింఛనేది అంటూ రూపాలు వస్తూనే ఉంటాయి. సంధి జరిగితే మాట ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలియదు. ఇటీవలి లూసీన్‌లో తెలుగు కోసం ప్రత్యేక విశ్లేషకం చేరింది కానీ, నాలెడ్జ్ బేస్ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకునేలా అమర్చి ఉండాలి. పైగా చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు. పేజీ ఇంగ్లీషులో ఉంటుంది, ప్రశ్న తెలుగులో ఉంటుంది.

ఇక్కడ ఎంబెడింగ్ నిజమైన వరం. గూగుల్ 2020లో విడుదల చేసిన లాబ్‌సె అనే నమూనా 109 భాషల వాక్యాలను ఒకే పటంలో సర్దుతుంది. వాటిలో తెలుగు ఉంది. తెలుగు ప్రశ్న, దాని అర్థమే ఉన్న ఇంగ్లీషు పేజీ దగ్గరదగ్గరగా చేరతాయి. ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయి తన భాషలో అడిగి, ఇంగ్లీషులో ఉన్న ఉత్తర్వును వెతికి తీయగలగడం చిన్న విషయం కాదు. ఈ నమూనా ప్రతి ముక్కకూ 768 అంకెలు ఇస్తుంది. అంకెకు నాలుగు బైట్ల చొప్పున ముక్కకు మూడు కిలోబైట్లు. పదివేల పేజీలను యాభైవేల ముక్కలు చేసినా మొత్తం 150 మెగాబైట్ల చిల్లర. మామూలు ఆఫీసు కంప్యూటర్‌లో ఇది హాయిగా ఇముడుతుంది. పేజీలు భవనం దాటి బయటికి వెళ్లాల్సిన అవసరమే లేదు.

జవాబు రాసే యంత్రం దగ్గర లెక్క మారుతుంది. భాషా నమూనాలు పాఠాన్ని టోకెన్లు అనే ముక్కలుగా చూస్తాయి, ముక్కల సంఖ్యనుబట్టి సమయం, ఖర్చు ఉంటాయి. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్ఏఐ ఒక నమూనా పాఠాన్ని అనేక భాషల్లో పోల్చి చూపింది. పాత పద్ధతిలో దానికి తెలుగులో 159 టోకెన్లు అయ్యేవి, కొత్తదాంట్లో 45కు తగ్గాయి. ఇంగ్లీషులో 27 నుంచి 24కు వచ్చాయి. తగ్గింపు గొప్పదే. తగ్గిన తర్వాత కూడా అదే మాట చెప్పడానికి తెలుగుకు దాదాపు రెట్టింపు ముక్కలు కావాలి. వెతకడంలో లాభం, రాయించడంలో అదనపు ఖర్చు. రెండు యంత్రాలకు రెండు మీటలుండాలనడానికి తెలుగువాళ్లకు ఉన్న సొంత కారణం ఇది.

పేజీ ఎక్కడికి వెళుతోంది

ఏఐ సెర్చ్ చాలా సాఫ్ట్‌వేర్లలో బయటి కంపెనీ సర్వర్ మీద నడుస్తుంది. ఎంబెడింగ్ తయారుచేయాలంటే ప్రతి పేజీ పాఠాన్నీ అక్కడికి పంపాలి. "మేం పాఠాన్ని దాచుకోం, అంకెలే దాచుకుంటాం" అన్న హామీ తరచూ వినిపిస్తుంది. అంకెల నుంచి పాఠం తిరిగి రాదని చాలాకాలం నమ్మారు. 2023లో కార్నెల్ పరిశోధకులు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 32 టోకెన్ల పొడవున్న పాఠాలను వాటి ఎంబెడింగ్‌ల నుంచి 92 శాతం సందర్భాల్లో అక్షరం పొల్లుపోకుండా తిరిగి రాబట్టారు. అంకెలను పాఠంతో సమానంగా కాపాడాలని దీని అర్థం.

అనుమతుల చిక్కు ఇంకోటి. జీతాల పేజీ హెచ్ఆర్ వాళ్లకే కనిపించాలని నాలెడ్జ్ బేస్‌లో నియమం ఉంటుంది. ఏఐ ఇండెక్స్‌ను తయారుచేసే ప్రోగ్రామ్‌కు అన్ని పేజీలూ చదివే అధికారం ఇస్తారు. ప్రశ్న వచ్చినప్పుడు అడిగిన మనిషి హక్కులను ప్రతి ముక్క దగ్గరా మళ్లీ సరిచూడకపోతే, జీతాల పేజీలోని వాక్యం జవాబులోకి జారిపోతుంది. పేజీల్లో ఎవరైనా దురుద్దేశంతో "పై సూచనలన్నీ మరిచిపో" వంటి ఆదేశాలు దాచిపెడితే, జవాబు రాసే నమూనా వాటిని పాటించే ప్రమాదమూ ఉంది. మాటల సెర్చ్‌కు ఈ రెండో ప్రమాదం లేదు. అది పేజీని లెక్కపెడుతుంది, ఆదేశంగా చదవదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతుల్లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఉద్యోగుల, రోగుల, వినియోగదారుల వివరాలున్న పేజీలు ఏ నాలెడ్జ్ బేస్‌లో లేవు? ఆపుకునే మీట లేని సాఫ్ట్‌వేర్‌తో ఈ నియమాన్ని పాటించడం ఎంత కష్టమో సంస్థలు కొనుగోలుకు ముందే ఆలోచించాలి.

మీట ఎక్కడ ఉండాలి

వీలు ఉండటం ఒకటి, అది చేతికి అందడం ఇంకొకటి. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో అవయవదానం మీద ప్రచురించిన వ్యాసం ఈ తేడాను కళ్లకు కట్టింది. దాతగా చేరాలంటే విడిగా సమ్మతి తెలపాల్సిన జర్మనీలో 12 శాతం మందే దాతలుగా నమోదయ్యారు. వద్దని చెప్పనివాళ్లందరినీ దాతలుగా లెక్కించే ఆస్ట్రియాలో 99.98 శాతం. రెండు పొరుగు దేశాల మనుషుల మనసుల్లో అంత తేడా ఉండదు. ఏమీ చేయకపోతే ఏమవుతుందన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. "ఆపుకునే వీలుంది కదా, ఎవరూ ఆపడం లేదు, అంటే అందరికీ ఇష్టమే" అని సాఫ్ట్‌వేర్ కంపెనీలు చెప్పే లెక్కను ఈ వెలుగులో చూడాలి.

మీటను అడిగేవాళ్ల చేతికి దగ్గరగా పెట్టిన ఉదాహరణలున్నాయి. కాగీ అనే సెర్చ్ సర్వీసులో ప్రశ్న చివర ప్రశ్నార్థకం పెడితే ఏఐ జవాబు వస్తుంది, పెట్టకపోతే లింకులే వస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లక్కర్లేదు, ప్రతిసారీ మనిషే నిర్ణయిస్తాడు. డక్‌డక్‌గోలో ఏఐ జవాబులను సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. గూగుల్ 2024 మేలో ఏఐ సారాంశాలను అమెరికాలో అందరికీ తెచ్చిన రోజుల్లోనే లింకులు మాత్రమే చూపే "వెబ్" వడపోతను కూడా ఇచ్చింది, కానీ చాలాసార్లు అది "మోర్" వెనక దాక్కుని ఉండేది. సొంత నోట్స్ రాసుకునే అబ్సిడియన్ వేరే దారి పట్టింది. దాని సొంత సెర్చ్ మాటలతోనే పనిచేస్తుంది, ఏఐ కావలసినవాళ్లు ప్లగిన్ తెచ్చి పెట్టుకుంటారు.

వికీపీడియాలో జరిగింది ఇంకో కోణం చూపిస్తుంది. 2025 జూన్‌లో వికీమీడియా ఫౌండేషన్ వ్యాసాల పైన ఏఐ రాసిన సరళ సారాంశాలు చూపే ప్రయోగాన్ని ప్రతిపాదించింది. పాఠకుడు నొక్కితేనే సారాంశం తెరుచుకుంటుంది, సరిచూడనిదన్న గుర్తూ ఉంటుంది. అయినా ఇంగ్లీషు వికీపీడియా సంపాదకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఫౌండేషన్ ప్రయోగాన్ని నిలిపేసింది. పాఠకుడికి ఎంపిక ఉంది కదా అన్న సమాధానం వాళ్లకు చాలలేదు. ఎందుకంటే వాళ్లు రాసిన వ్యాసం నెత్తిన, వాళ్లు రాయని వాక్యం, వాళ్ల పరువు మీద నిలబడుతుంది. వాళ్ల పట్టుదల సబబేనని నేను నమ్ముతున్నాను. ఎంపిక వెతికేవాళ్లకే కాకుండా రాసేవాళ్లకూ ఉండాలి. ఈ పేజీని జవాబుల తయారీకి వాడవద్దని పేజీ రాసిన బృందం గుర్తు పెట్టగలగాలి.

రెండు దారులనూ నిలబెట్టడం భారమని ఇంజినీర్లు అంటారు. పరీక్షలు రెట్టింపవుతాయి, లోపాలు రెట్టింపవుతాయి. ఆ మాటలో నిజం ఉంది. కానీ నేటి మంచి ఏఐ సెర్చ్‌లలో చాలా వాటిలో మాటల సెర్చ్ ఎలాగూ ఉంటుంది. రెండు వరుసలనూ కలపడానికి గోర్డన్ కోర్మాక్, చార్లెస్ క్లార్క్, స్టెఫాన్ బ్యూట్‌షర్ 2009లో చెప్పిన సూత్రాన్ని విరివిగా వాడుతున్నారు. ప్రతి పేజీకీ, ఆయా వరుసల్లో దాని స్థానానికి 60 కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగించి, వచ్చినవాటిని కూడుతారు. మాటల వరుసలో మొదటిది, అర్థపు వరుసలో మూడోది అయిన పేజీకి 1/61, 1/63 కలిపి సుమారు 0.032 వస్తుంది. ఒక్క వరుసలోనే మొదటిదైన పేజీకి 0.016. అర్థపు వరుసను తీసేసినా సూత్రం చెక్కుచెదరదు, మాటల వరుస ఉన్నది ఉన్నట్టుగా మిగులుతుంది. ఆపుకునే వీలు ఈ గణితంలోనే ఇమిడి ఉంది. అది లేని సాఫ్ట్‌వేర్‌లో లోటు సాంకేతికమైంది కాదు, ఇవ్వాలన్న ఉద్దేశం లేదు.

ఏది డిఫాల్ట్‌గా ఉండాలో కూడా చెప్పాలి. అర్థంతో వెతికే యంత్రం సంస్థ సొంత కంప్యూటర్‌లోనే నడిస్తే, అది మొదటి నుంచీ పనిచేస్తూ ఉండవచ్చు. లేకపోతే దాని అవసరం అందరికంటే ఎక్కువ ఉన్న కొత్తవాళ్లకు, తెలుగులో అడిగేవాళ్లకు అది ఉందనే తెలియదు. కొటేషన్ గుర్తుల్లో పెట్టిన మాటను, నంబరును మాత్రం అక్షరాలా వెతకాలి. జవాబు రాసే యంత్రం అడిగినప్పుడే రాయాలి, ఏ పేజీలో ఏ పేరా నుంచి తీసిందో పక్కనే చూపాలి. ఆపడమంటే తెర మీద బటన్ మాయం కావడం కాదు. పాఠం బయటికి పోవడం ఆగాలి, అప్పటికే తయారైన ఎంబెడింగ్‌లు చెరిగిపోవాలి.

మీ ఆఫీసుకో, కాలేజీకో, ఆసుపత్రికో నాలెడ్జ్ బేస్ ఎంచుకునే పని మీ చేతికి వస్తే, అమ్మేవాళ్ల ఎదుటే ఏఐని ఆపించి, ఇంటర్నెట్ తీసేసి, మీ సొంత నంబరు ఒకటి వెతికి చూడండి. ఫలితం రాకపోతే సంతకం పెట్టకండి. వస్తే, అర్థంతో వెతికే యంత్రాన్ని, జవాబు రాసే యంత్రాన్ని విడివిడిగా ఆపుకునే హక్కు, ఆపిన తర్వాత ఎంబెడింగ్‌లు చెరిపేస్తామన్న హామీ ఒప్పంద పత్రంలో రాయించుకోండి.